చిల్లర

పదకొండేండ్లుగా గండికోటకు టికెట్లు కొడతాండా,
ఒక్కనాడు కోట చూసిన పాపాన పోలేదు.
బస్సు తిప్పుకునేదానికి పది నిమిషాలు.
అందులో సంజన్న బీడీకి ఐదు,
నా లెక్కల కాగితానికి ఐదు.
మేకుల తలుపు దాకే నా కోట.

లోపల ఏముందో
తిరిగొచ్చే మొగాలను బట్టి కనుక్కునేవాణ్ణి.
తెగిన చెప్పులు చేతబట్టుకొచ్చిన ఆడమనిషి
ఎవర్నీ తిట్టకుండా కూర్చుందంటే
పెన్నను చూసొచ్చిందని.
ఎగురుకుంటా దిగిన కాలేజీ పిల్లోళ్ళు
జమ్మలమడుగు దాకా నోరు మెదపలేదంటే
అంచు దాకా పోయినారని.
కొత్త జంట వేరేవేరే సీట్లలో కూర్చుంటే మాత్రం
అది కోట చేసిన పని కాదు.

ఈ పొద్దు క్లచ్ ప్లేటు కాలిపోయింది.
డిపో నుంచి మనిషి రావాల.
"మూడు గంటలు" అని సంజన్న
బానెట్టు మీద తువ్వాలు పరుచుకున్నాడు.
సంచి భుజానుండగానే లోపలికి నడిచినా.
సర్కారు సొమ్ము, యాడ పెట్టేది?

జైలుకు తలుపుల్లేవు.
పావురాల గోపురంలో పావురాల్లేవు,
మసీదు మీదికి కాపురం మార్చినాయి.
గాదెలో గింజ లేదు.
అబ్బ, ఎంత గాదె! నాలుగు బస్సులు
పక్కపక్కన నిలబెట్టొచ్చు,
నాకు వేరే కొలత తెలీదు.
చీకట్లో ఎవరూ లేరని చూసుకుని
నోటికి అలవాటైన మాటే అన్నా:
"రైట్ రైట్."
గోడ నుంచి గోడకు, కప్పు కిందుగా
రైట్... రైట్... రైట్...
ఎవరెవర్నో ఎక్కించుకుని పోయింది.
నేనొక్కణ్ణే దిగిపోయినట్టు నిలబడినా.

పెన్న కాడ రాళ్ళు
దొంతులు పేర్చినట్టుండాయి,
పేర్చినోళ్ళు బువ్వకు పోయి
మళ్ళా రావడం మరిచినట్టు.
అడుగున నీళ్ళు,
పచ్చగా, ఏ పనీ లేనట్టు.
విజిల్ నోట్లో పెట్టుకున్నా.
ఊదలేదు.
దేన్ని నిలబెట్టమని?

కోట లోపల ఊరుండాదని తెలుసు.
ఎక్కేవాళ్ళు తెలుసు, దిగేవాళ్ళు తెలుసు,
వాళ్ళ గడపలే తెలీవు.
పాత రాతిబండ మీద మిరపకాయలు ఎండబోసిన ముసలామె
తలెత్తి చూసి
"కండక్టరూ, నాకు మూడు రూపాయలు ఇయ్యాల నువ్వు" అనింది.

మాబున్నంట. నాకు గుర్తు లేదు.
లోపలికి పోయి వక్కాకు డబ్బా తెచ్చింది.
రేషను చీటీ కింద, తాయెత్తు కింద,
నాలుగు మడతల టికెట్టు.
వెనక బాల్ పెన్నుతో "మూడు".
కింద గీత, గీత చివర కొక్కెం.
ఆ కొక్కెం నాదే.

ఇప్పటి మిషను కాగితాల మీద
అక్షరం సాయంత్రానికే తెల్లబోతుంది.
ఇది పదేండ్ల నాటి సిరా.
కోటకు బోర్డుండాది, రక్షిత కట్టడమని.
డబ్బాకు ఏ బోర్డూ లేదు.

"దిగేటప్పుడు తీసుకోమన్నావు.
దిగేటప్పుడు మా మనవడు వాంతి చేసుకున్నాడు.
ఇద్దరం మరిచినాం."
"మళ్ళా ఎన్నిసార్లో ఎక్కింటావే,
అడగొచ్చు గదమ్మా?"
"ఎక్కినప్పుడల్లా ఎవరో ఒకరు
నీ మీద అరుస్తానే ఉంటిరి.
నేను గూడా యాడ అరిచేది?"

మూడు రూపాయలు ఇస్తి. లెక్కపెట్టుకుంది.
జొన్నరొట్టె, ఊరిమిండి పెట్టింది.
రొట్టె అంచు మాడింది, బాగుండాది.
చెయ్యి కడుక్కున్నాక "ఇరవై" అనింది.

నా జేబులో యాభై నోటు.
ఆమె కాడ చిల్లర లేదు.
నా సంచిలోనూ లేదు,
కండక్టరు కాడ ఎప్పుడుంది గనక?
"రాసుకో మరి" అంటూ
ఆ టికెట్టే నా చేతికిచ్చింది.
మూడు కొట్టేసినా.
పక్కన ముప్పై రాసి గీత గీస్తి,
కొక్కెం దానంతటదే వచ్చింది.
ఈసారి కాగితం నా జేబులో.

గేటు అవతల హారన్.
రెండోసారి హారన్.

"దిగేటప్పుడు తీసుకుందువులే"
అనింది మాబున్ని,
మిరపకాయలు తిరగేస్తా.